కాఫీ జెల్లీ ఎందుకు పేరుకుంటుంది, ఎందుకు కరిగిపోతుంది

పోయిన వేసవిలో మా అక్కావాళ్ళు పిల్లలతో విజయవాడ వస్తున్నారంటే ముందురోజు రాత్రే కాఫీ జెల్లీ చేసి ఫ్రిజ్‌లో పెట్టాను. పొద్దున చూస్తే చక్కగా పేరుకుంది, గిన్నె కదిపితే వణుకుతోంది, చాలా సంతోషం వేసింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక ముక్కలు కోసి గాజు గిన్నెల్లో సర్ది, పైన పాలు పోసి బల్ల మీద పెట్టేసరికి కరెంటు పోయింది. అందరూ విసనకర్రలు పట్టుకుని వరండాలోకి వెళ్ళారు, మాటల్లో పడ్డారు. ముప్పావుగంట తర్వాత వచ్చి చూస్తే గిన్నెల్లో ముక్కల్లేవు, పాలకాఫీ ఉంది. మా అక్క కూతురు స్పూనుతో అడుగంతా వెతికి "పిన్నీ, జెల్లీ ఏదీ?" అంది.

అది జెలటిన్‌తో చేసింది. సరే, జెలటిన్ వద్దు, చైనా గ్రాస్ (దీన్నే అగర్ అగర్ అంటారు) వాడదామని మర్నాడు మళ్ళీ మొదలుపెట్టాను. జెలటిన్‌కి ఎలా చేశానో దీనికీ అలాగే చేశాను: పొడిని చల్లటి నీళ్ళలో ఐదు నిమిషాలు నానబెట్టి, స్టవ్ కట్టేసి దించిన వేడి కాఫీలో వేసి, బాగా కలిపి, ఫ్రిజ్‌లో పెట్టాను. ఆరు గంటలైనా పేరుకోలేదు. అడుగున సన్నటి ఇసకలాగా ఏదో దిగింది, పైన కాఫీ కాఫీలాగే ఉంది.

రెండుసార్లూ చెడింది, కానీ కారణం ఒకటి కాదు. మొదటిది తక్కువ వేడికే కరిగిపోయింది, రెండోది ఆ మాత్రం వేడికి అసలు కరగనే లేదు. రెసిపీల్లో చాలామంది "జెలటిన్ లేదా అగర్ అగర్" అని ఒక్క ముక్కలో రాసేస్తారు, ఆ 'లేదా' దగ్గరే అందరికీ చెడుతుంది. ఈ రెండూ వేర్వేరు పదార్థాలు, ఒకటి జంతువు నుంచి వచ్చింది, ఇంకొకటి సముద్రపు నాచు నుంచి వచ్చింది, వేడికి ఒకటి స్పందించే తీరుకీ రెండోది స్పందించే తీరుకీ పోలికే లేదు. ఈ ఒక్క సంగతి అర్థమైతే కాఫీ జెల్లీ గురించి వచ్చే సందేహాల్లో ముప్పాతిక వంతు వాటంతటవే తీరిపోతాయి, కొలతలు కూడా కాగితం చూడకుండా సరిచేసుకోవచ్చు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు ఈ వంటకం ఎక్కడిదో రెండు మాటలు. కాఫీని జెల్లీగా చేయడం ఇంగ్లండ్‌లో 19వ శతాబ్దం మొదట్లోనే ఉంది, కానీ దాన్ని ఇష్టంగా నిలుపుకుని సొంతం చేసుకున్నది జపాన్‌వాళ్ళు. తైషో కాలంలో, అంటే 1912 నుంచి 1926 మధ్య, అక్కడి కాఫీ హోటళ్ళలో ఇది కనిపించడం మొదలైంది. తర్వాత 1963లో కరుయిజావా అనే కొండ ఊళ్ళో మికాడో కాఫీ అనే దుకాణం దీన్ని 'తినే కాఫీ' అని చెప్పి అమ్మడంతో బాగా జనంలోకి వెళ్ళింది. అక్కడి పద్ధతిలో జెల్లీలో పాలు ఉండవు. నల్లగా, కొంచెం చేదుగా, తీపి తక్కువగా ఉన్న జెల్లీ మీద తినేముందు క్రీమ్ పోసుకుంటారు. ఫిలిప్పీన్స్‌లో ఇదే జెల్లీని ముక్కలుగా కోసి, క్రీమ్, కండెన్స్‌డ్ మిల్క్ కలిపి బాగా తియ్యగా తింటారు. మనింట్లో చేసుకునేది ఈ రెంటికీ మధ్యలో ఉంటుంది.

ఇక అసలు విషయం. జెలటిన్ అంటే పశువుల, పందుల తోలు, ఎముకల్లో ఉండే కొల్లాజెన్ అనే ప్రోటీన్‌ని ఉడికించి తీసినది. శాకాహారులు వాడరు, హలాల్ చూసుకునేవాళ్ళు ఏ జంతువు నుంచి వచ్చిందో చూసి కొనాలి. చైనా గ్రాస్ అంటే అగర్ అగర్, సముద్రంలో పెరిగే ఎర్ర రకం నాచు నుంచి తీసేది, పూర్తి శాకాహారం. మన దేశంలో దీనికి కావాల్సిన నాచు ఎక్కువగా తమిళనాడులో రామనాథపురం జిల్లా తీరంలో దొరుకుతుంది, అక్కడి ఆడవాళ్ళు సముద్రంలో మునిగి రాళ్ళకి అంటుకున్న నాచుని చేత్తో గిల్లి తెస్తారు. హైదరాబాద్‌లో రంజాన్ నెలలో ఇఫ్తార్‌కి పాలల్లో చైనా గ్రాస్ కాచి, బాదం తురుము చల్లి, పళ్ళెంలో పోసి చల్లబరిచి ముక్కలు కోసి పెడతారు కదా, అదే ఇది. కాబట్టి ఇది మనకి కొత్త సరుకు కాదు, ఆ నెలలో కిరాణా కొట్లో అడిగితే తెల్లటి దారాల కట్ట చేతికి ఇస్తారు.

పేర్ల గందరగోళం మాత్రం నిజంగా ఉంది. 'చైనా గ్రాస్' అన్నా 'అగర్ అగర్' అన్నా ఒకటే. జపాన్ సరుకులమ్మే కొట్లో దీని పేరు 'కాంటెన్'. కానీ అక్కడే 'అగర్' అని రాసిన పొట్లం కొంటే అందులో ఉండేది చాలావరకు క్యారజీనన్ అనే ఇంకో నాచు పదార్థం కలిపిన మిశ్రమం, అది అగర్ కాదు, దాని కొలతలూ వేరు. అమెరికాలో, సింగపూర్‌లో ఉన్న మనవాళ్ళు ఆసియా సరుకుల కొట్లో కొనేటప్పుడు పొట్లం వెనక పదార్థాల జాబితా చదివి కొనండి. ఇక్కడ రంగురంగుల జెల్లీ పొడి పొట్లాలు దొరుకుతాయి, స్ట్రాబెర్రీ, మామిడి అని, వాటిలో పంచదార, రంగు, వాసన, పులుపు ముందే కలిపి ఉంటాయి కాబట్టి కాఫీకి పనికిరావు. ఏ రుచీ లేనిదే కావాలి.

ఇప్పుడు వేడి లెక్క. జెలటిన్‌ని మన కొబ్బరినూనెతో పోల్చుకోండి. చలికాలం పొద్దున్నే సీసాలో పేరుకుని ఉంటుంది, ఎండలో పెడితే కరుగుతుంది, మళ్ళీ చల్లబడితే పేరుకుంటుంది. జెలటిన్ జెల్లీ 30 నుంచి 35 డిగ్రీల మధ్య కరుగుతుంది. మన నోటి వేడి అంతకంటే ఎక్కువ, అందుకే నాలుక మీద పెట్టగానే వెన్నలా జారిపోతుంది, దాని అందమంతా అందులోనే ఉంది. కానీ మే నెలలో విజయవాడలో గది వేడి కూడా 35 దాటుతుంది, కరెంటు పోయిన ఇంట్లో బల్ల మీద అది నిలబడే ప్రశ్నే లేదు. పైగా పేరుకోవడానికి ఫ్రిజ్ తప్పనిసరి, నాలుగైదు గంటలు పడుతుంది.

అగర్ అలా కాదు. దాన్ని కరిగించాలంటే నీళ్ళు దాదాపు మరగాలి, 85 డిగ్రీలు దాటితే గానీ విడదు. కరిగాక చల్లబరిస్తే 85 దగ్గర పేరుకుంటుందా అంటే పేరుకోదు, 40 కిందకి దిగేదాకా నీళ్ళలాగే ఉంటుంది, 32 నుంచి 40 మధ్య ఎక్కడో గట్టిపడుతుంది. ఒకసారి గట్టిపడ్డాక మళ్ళీ కరగాలంటే తిరిగి 85 దాకా వెళ్ళాలి. అంటే పేరుకునే వేడి ఒకటి, కరిగే వేడి ఇంకొకటి, మధ్యలో నలభై యాభై డిగ్రీల ఎడం. ఇది మొదటిసారి విన్నప్పుడు నాకు నమ్మబుద్ధి కాలేదు, ఎందుకంటే మన వంటింట్లో నెయ్యి, వెన్న, నూనె అన్నీ కరిగిన చోటుకి కాస్త అటూ ఇటూగానే పేరుకుంటాయి.

ఎందుకలా అంటే, కొబ్బరిపీచు తాడు పేనడం గుర్తు తెచ్చుకోండి. వేడి నీళ్ళలో అగర్ పోగులు విడివిడిగా తేలుతూ ఉంటాయి. చల్లబడేకొద్దీ రెండేసి పోగులు మెలిక పడతాయి, ఆ మెలికలన్నీ మళ్ళీ పక్కపక్కన చేరి కట్టలుగా బిగుసుకుంటాయి, మధ్యలో ఖాళీల్లో నీళ్ళు చిక్కుకుపోతాయి. విడి పోగుల్ని మెలిపెట్టడం తేలిక, బిగిసిన తాడుని విప్పడం కష్టం, దానికి చాలా ఎక్కువ వేడి కావాలి. జెలటిన్ పోగులు కూడా మెలిక పడతాయి కానీ ఆ బిగింపు మెత్తన, కొద్దిపాటి వేడికే వదులైపోతుంది. అరలీటరు జెల్లీకి పట్టే అగర్ పొడి నాలుగే గ్రాములు, అంటే నూటికి ఒక గ్రాము కూడా లేదు, మిగతాదంతా కాఫీ. అంత తక్కువ పదార్థం అంత నీటిని పట్టి నిలబెడుతుందంటే ఆ అల్లిక ఎంత గట్టిదో చూడండి.

ఈ తేడా వల్లే ఒకప్పుడు సైన్సు ప్రయోగశాలలో పెద్ద చిక్కు తీరింది, ఆ కథ నాకు చాలా ఇష్టం. 1881లో జర్మనీలో వాల్టర్ హెస్సె అనే వైద్యుడు రాబర్ట్ కాఖ్ అనే శాస్త్రవేత్త దగ్గర సూక్ష్మజీవుల మీద పనిచేస్తున్నాడు. వాటిని పెంచడానికి జెలటిన్ పళ్ళాలు వాడేవాళ్ళు, ఎండాకాలం అవి కరిగి నీరైపోయేవి, కొన్ని సూక్ష్మజీవులైతే ఆ జెలటిన్‌నే తినేసేవి. ఆయన భార్య ఫానీ ఆంజెలీనా హెస్సె ఇంట్లో జెల్లీలు చేసేది, వాటికి అగర్ వాడేది, ఆ కిటుకు ఆమెకి జావా దీవిలో ఉండి వచ్చిన ఇరుగుపొరుగువాళ్ళ నుంచి తెలిసింది. మీ జెల్లీలు ఎండల్లో కూడా ఎలా నిలబడుతున్నాయని భర్త అడిగితే అగర్ సంగతి చెప్పింది. ఈరోజుకీ ఏ ఊళ్ళో ల్యాబ్‌కి వెళ్ళినా సూక్ష్మజీవుల్ని పెంచేది అగర్ పళ్ళాల్లోనే. కరెంటు పోయిన మధ్యాహ్నం మా బల్ల మీద నాకు ఎదురైన ఇబ్బందీ, ఆ ప్రయోగశాలలో వాళ్ళకి ఎదురైన ఇబ్బందీ ఒక్కటే, జవాబు కూడా ఒక్కటే.

కాబట్టి మన ఎండలకి, మన ఇళ్ళలో శాకాహారం తినేవాళ్ళ సంఖ్యకి, కాఫీ జెల్లీకి చైనా గ్రాసే సరైనదని నా గట్టి నమ్మకం. నోట్లో కరగదు, నిజమే. పళ్ళ కింద పుటుక్కున తెగుతుంది. లేత తాటిముంజ కొరికినప్పుడు ఉండే ఆ నునుపు, ఆ చల్లదనం తెలిసినవాళ్ళకి ఇది కొత్తగా ఏమీ అనిపించదు. చలికాలంలో, ఏసీ గదిలో, ఫ్రిజ్ నుంచి తీసిన వెంటనే తినేసేలా ఉంటే జెలటిన్ బాగుంటుంది. 250 మిల్లీలీటర్ల కాఫీకి 5 గ్రాముల జెలటిన్ చాలు. ముందు చల్లటి నీళ్ళలో నానబెట్టి ఉబ్బనివ్వాలి, నేరుగా వేడి కాఫీలో వేస్తే వేడినీళ్ళలో మైదా పోసినట్టు పైపైన తడిసి లోపల పొడిగా ఉండలు కడుతుంది. తర్వాత వేడి కాఫీలో కలిపితే చాలు, మరిగించకూడదు, ఎక్కువసేపు మరిగితే పట్టు తగ్గిపోతుంది. ఇంతే జెలటిన్ సంగతి. ఇక్కణ్ణుంచి చైనా గ్రాస్ గురించే చెప్తాను.

చైనా గ్రాస్ దారాలు కొన్నారా, పొడి కొన్నారా అన్నది మొదటి ప్రశ్న. బరువుకి బరువు చూస్తే పొడికి పట్టు ఎక్కువ, దారాలకి తక్కువ. 500 మిల్లీలీటర్లకి పొడైతే 4 గ్రాములు, అంటే తలకొట్టిన రెండు టీస్పూన్లు, దారాలైతే 8 నుంచి 10 గ్రాములు. దారాల్ని కత్తెరతో ముక్కలు చేసి అరగంట నానబెట్టాలి, తర్వాత ఏడెనిమిది నిమిషాలు మరిగించాలి, ఒక్క పోగు కూడా కనపడకూడదు. పొడికి నానబెట్టడం అవసరం లేదు కానీ చల్లటి నీళ్ళలో కలిపి అప్పుడు పొయ్యి మీద పెట్టాలి, తెర్లుతున్న నీళ్ళలో చల్లితే ఉండలు కడుతుంది. తెర్లడం మొదలయ్యాక రెండు మూడు నిమిషాలు గరిటెతో అడుగు తగిలేలా తిప్పుతూ ఉండాలి. నేను రెండోసారి చెడగొట్టింది సరిగ్గా ఇక్కడే, స్టవ్ కట్టేసిన కాఫీలో వేసి కలిపితే దానికి కావాల్సిన వేడి అందలేదు, కరగని పొడి అడుక్కి దిగిపోయింది.

పంచదార ఎప్పుడు వేయాలనేది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ కాదు. అగర్ పూర్తిగా కరిగాకే వేయాలి. పంచదార నీటిని తనవైపు లాక్కుంటుంది, ముందే వేస్తే అగర్ నానడానికి, విడడానికి నీళ్ళు సరిపోవు, ముఖ్యంగా దారాలు వాడినప్పుడు. పాలైనా అంతే. పాలల్లో నేరుగా కరిగించాలని చూస్తే చాలాసేపు పడుతుంది, ఈలోపు పాలు అడుగంటుతాయి. ముందు కొద్ది నీళ్ళలో కరిగించుకుని తర్వాత వేడి పాలల్లో కలపడమే తేలిక.

ఇప్పుడు కాఫీ. అగర్‌తో పాటు కాఫీని కూడా మరిగించేయడం చాలా వీడియోల్లో చూశాను, దయచేసి అలా చేయకండి. డికాక్షన్ మరిగితే ఏమవుతుందో మన ఇళ్ళలో అందరికీ తెలుసు, వాసన పోతుంది, ఒకరకమైన మాడు చేదు మిగులుతుంది. అగర్‌ని నీళ్ళలో విడిగా మరిగించి, పంచదార కరిగించి, స్టవ్ కట్టేసి, అప్పుడు డికాక్షన్ పోయాలి. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి డికాక్షన్ పోస్తే, అది తగిలిన చోటల్లా అగర్ 40 డిగ్రీల కిందకి పడిపోయి అక్కడికక్కడే పేరుకుంటుంది. ఒకసారి నేను అలా పోస్తే గిన్నెలో సేమ్యా పోగుల్లాంటివి తేలాయి, ఎంత తిప్పినా కలవలేదు, మళ్ళీ పొయ్యి మీద పెడితే గానీ కరగలేదు. అందుకని డికాక్షన్ గోరువెచ్చగానైనా ఉండాలి. దించిన వెంటనే పోస్తే మంచిది, పాతదైతే డికాక్షన్ గిన్నెని వేడినీళ్ళ గిన్నెలో కాసేపు కూర్చోబెట్టండి.

కాఫీ ఎంత చిక్కగా ఉండాలి అంటే, తాగే కాఫీకంటే దాదాపు రెట్టింపు. దీనికి రెండు కారణాలున్నాయి. చల్లగా ఉన్నదాని తీపి, వాసన మనకి తక్కువ తెలుస్తాయి, వేడిగా ఉన్నప్పుడు సరిపోయిన కాఫీ చల్లారితే పల్చగా అనిపించడం అందుకే. రెండోది, అగర్ నోట్లో కరగదు కాబట్టి నమిలినప్పుడు తెగిన చోట నుంచి మాత్రమే రుచి బయటికొస్తుంది, మిగతా కాఫీ ఆ అల్లికలోనే ఉండిపోయి గొంతులోకి జారిపోతుంది. పొయ్యి దగ్గర రుచి చూసినప్పుడు "అమ్మో, ఇంత ఘాటా" అనిపించాలి, అప్పుడే రేపు సరిగ్గా ఉంటుంది.

ఫిల్టర్‌లో నాలుగు పెద్ద స్పూన్ల పొడి వేసి, మెల్లగా నొక్కి, 250 మిల్లీలీటర్ల వేడినీళ్ళు పోస్తే సుమారు 200 మిల్లీలీటర్ల మొదటి డికాక్షన్ దిగుతుంది. అదే వాడండి, రెండోసారి నీళ్ళు పోసి దించినది వద్దు, అది చేదు తప్ప ఏమీ ఇవ్వదు. కింద దిగిన మడ్డి రాకుండా పైపైన వంచుకోవాలి. కాఫీ పొడిలో కలిపే చికోరీ విషయంలో నా అభిప్రాయం చెప్తాను: వేడి పాలకాఫీలో చికోరీ ఇచ్చే చిక్కదనం నాకూ ఇష్టమే, కానీ జెల్లీలో ఆ చిక్కదనంతో పని లేదు, దాన్ని అగర్ చూసుకుంటుంది, చల్లబడ్డాక చికోరీది మాడిన బెల్లం లాంటి రుచి మాత్రం ముందుకొస్తుంది. నూటికి 20 పాళ్ళు దాటకుండా ఉంటే చాలు, అసలు లేకపోతే ఇంకా మంచిది. మన చట్టం ప్రకారం కాఫీ చికోరీ మిశ్రమంలో కాఫీ 51 పాళ్ళకి తగ్గకూడదు, ఎంతెంత ఉందో పొట్లం మీద రాసి ఉంటుంది, చూసి కొనండి. అరకు కాఫీ దొరికితే తప్పకుండా వాడి చూడండి, అది అరాబికా రకం, 2019లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది, ఆ చిన్న పులుపు, వాసన నల్ల జెల్లీలో తెలిసినంత బాగా పాలకాఫీలో తెలియవు. కాఫీలో పులుపు ఉంటే అగర్ చెడదా అని అడుగుతారు కొందరు. నిమ్మరసంలో అగర్ మరిగిస్తే పట్టు పోతుంది, నిజమే, కానీ కాఫీ పులుపు అంత గట్టిది కాదు, పైగా మనం మరిగించడం లేదు.

ఫిల్టర్ లేనివాళ్ళు ఇన్‌స్టంట్ పొడి వాడుకోవచ్చు, అందులో తప్పేమీ లేదు. 500 మిల్లీలీటర్ల నీళ్ళలో అగర్ మరిగించి దించి, 10 గ్రాముల ఇన్‌స్టంట్ పొడి వేసి కలిపేస్తే సరిపోతుంది, చల్లటి డికాక్షన్ గొడవ కూడా ఉండదు. మొదటిసారి చేసేవాళ్ళకి నేను ఇదే చెప్తాను.

మొత్తం కలిపి ఇదీ నేను చేసే పద్ధతి. 300 మిల్లీలీటర్ల నీళ్ళలో 4 గ్రాముల అగర్ పొడి కలిపి పొయ్యి మీద పెడతాను. తెర్లాక మూడు నిమిషాలు తిప్పి, 50 గ్రాముల పంచదార వేసి కరగనిచ్చి, దించేసి, 200 మిల్లీలీటర్ల వెచ్చటి మొదటి డికాక్షన్ పోసి కలుపుతాను. ఇక్కడ ఆగి ఒక పరీక్ష చేస్తాను. అరిసెలకి పాకం చూసేటప్పుడు పళ్ళెంలో నీళ్ళు పోసి చుక్క వేసి చూస్తాం కదా, అలాగే ఫ్రిజ్‌లో పెట్టిన స్టీలు పళ్ళెం మీద ఒక స్పూను వేస్తే రెండు నిమిషాల్లో పేరుకుంటుంది. వేలితో తోస్తే ముడత పడి ఒక్క ముక్కగా కదలాలి. జారిపోతుంటే అగర్ చాల్లేదని, రబ్బరులా ఉంటే ఎక్కువైందని. బజార్లో దొరికే పొడుల పట్టు అన్నిటిదీ ఒకేలా ఉండదు, కొన్ని పొట్లాల మీద కొలతే ఉండదు, కాబట్టి ఎవరి కొలతనీ, నా కొలతతో సహా, ఈ పరీక్ష లేకుండా నమ్మకండి.

తర్వాత టీ వడకట్టే జల్లెడ పెట్టి, తడిపిన స్టీలు టిఫిన్ బాక్సులోకి వంచేస్తాను. పైన నురుగు ఉంటే స్పూనుతో తీసేయాలి, లేకపోతే పేరుకున్నాక పైన తెల్లటి పొరలా ఉండిపోతుంది. అగర్ గది వేడిలోనే పేరుకుంటుందని అందరూ చెప్తారు, మామూలు రోజుల్లో అది నిజమే, గంటలోపే అయిపోతుంది. కానీ మే నెల మధ్యాహ్నం వంటింట్లో 40 డిగ్రీలుంటే ఎలా పేరుకుంటుంది, పేరుకోవాల్సిన వేడి కంటే గది వేడే ఎక్కువ కదా! అప్పుడు బాక్సుని చల్లటి నీళ్ళ పళ్ళెంలో కూర్చోబెట్టి, ఆవిరి తగ్గాక ఫ్రిజ్‌లో పెట్టాలి. ఒకసారి పేరుకున్నాక ఇక ఆ 40 డిగ్రీల గది దాన్ని ఏమీ చేయలేదు.

రెండు పొరలుగా, కింద నలుపు పైన పాల తెలుపు చేయాలనుకునేవాళ్ళకి ఒక మాట. మొదటి పొర పూర్తిగా గట్టిపడి చల్లబడ్డాక రెండోది పోస్తే రెండూ అతుక్కోవు, కోసేటప్పుడు జారి విడిపోతాయి. పైన పొర కట్టి, వేలు పెడితే కాస్త అంటుకునేలా ఉన్నప్పుడే రెండోది పోయాలి, వేడిగానే పోయొచ్చు, 85 డిగ్రీలు దాటకపోతే కింది పొర కరగదు. జెలటిన్‌తో ఈ ధైర్యం చేయలేం.

త్వరగా చల్లబడుతుందని ఫ్రీజర్‌లో మాత్రం పెట్టకండి. దీని వెనక కూడా ఒక కథ ఉంది. జపాన్‌లో చెప్పుకునేదేమిటంటే, 1658 ప్రాంతంలో క్యోటో దగ్గర ఫుషిమిలో మినోయా తారోజాయెమోన్ అనే సత్రం యజమాని, చలికాలంలో మిగిలిపోయిన నాచు జెల్లీని బయట పారబోశాడట. రాత్రి మంచుకి గడ్డకట్టి, పగలు ఎండకి కరిగి, అలా కొన్నాళ్ళకి నీరంతా పోయి తెల్లటి, తేలికైన ఎండు అట్టలాగా మిగిలిందట. దాన్ని మళ్ళీ నీళ్ళలో మరిగిస్తే మునుపటికంటే శుభ్రమైన జెల్లీ వచ్చిందట. అగర్‌ని ఎండబెట్టి నిల్వచేయడం అలా మొదలైందని అంటారు, ఇప్పటికీ నగానో ప్రాంతంలో చలికాలం బయళ్ళలో ఆ పద్ధతిలోనే చేస్తారు. మన ఫ్రీజర్‌లో జరిగేదీ అదే. నీరు గడ్డకట్టి పోగుల అల్లికని చించేస్తుంది, బయటికి తీసి కరగనిస్తే నీరు నీరుగా, జెల్లీ స్పాంజిలా విడిపోతాయి.

ఫ్రీజర్‌లో పెట్టకపోయినా అగర్ జెల్లీ కొద్దికొద్దిగా నీరు వదులుతూనే ఉంటుంది, గడ్డపెరుగు కోసిన చోట నీరు ఊరినట్టే. చెడిపోయిందని పారేయనక్కర్లేదు. పోగులు బిగుసుకునేకొద్దీ మధ్యలో నీరు బయటికి వస్తుంది, అంతే. ముందే ముక్కలు కోసి పెడితే ఎక్కువ వదులుతుంది, కాబట్టి ముక్కలు తినేముందే కోయాలి. మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే రెండు రోజులు బాగుంటుంది, మూడో రోజుకి గట్టిబడి రుచి తగ్గుతుంది.

పైన ఏం పోయాలనేది మీ ఇష్టం, కానీ పాలు జెల్లీలో కాకుండా పైనే ఉండాలన్నది నా పట్టు. పాలల్లో ఉండే ప్రోటీన్లు కాఫీ చేదుని కప్పేస్తాయి, జెల్లీలోనే కలిపేస్తే అంతా ఒకే రుచిగా ఉంటుంది. నల్ల జెల్లీ, తెల్ల పాలు విడిగా ఉంటే ఒక్కో స్పూనుకి ఒక్కో రుచి, ముందు తీపి, నమిలాక చేదు. రెండు వంతుల చల్లటి చిక్కటి పాలకి ఒక వంతు కండెన్స్‌డ్ మిల్క్ కలిపితే చాలు. ఇంకోటి, జపాన్‌లో కాంటెన్ ముక్కల మీద నల్లబెల్లం పాకం పోసుకుని తింటారు, అది చూసి నేను తాటిబెల్లం పాకం ప్రయత్నించాను, కాఫీకి తాటిబెల్లం ఇంత బాగా కుదురుతుందని అనుకోలేదు. పాకం పూర్తిగా చల్లారాకే పోయాలి, పాలతో కలిపి పోసేటట్టయితే తినే నిమిషంలోనే పోయాలి, లేకపోతే పాలు విరిగే ప్రమాదం ఉంది. చిన్నపిల్లలకి ఇచ్చేటప్పుడు ఇది కాఫీ అని మర్చిపోవద్దు, ఒక గిన్నె జెల్లీలో దాదాపు ఒక కప్పు చిక్కటి కాఫీ ఉంటుంది, సాయంత్రం పెడితే రాత్రి నిద్రపోరు.

ఇంత చెప్పినా ఎప్పుడో ఒకసారి కుదరదు, అప్పుడు పారబోయకండి. అగర్ జెల్లీని ఎన్నిసార్లయినా తిరిగి కరిగించవచ్చు. పేరుకోకపోతే వేరే గిన్నెలో కొద్ది నీళ్ళలో ఒక గ్రాము అగర్ మరిగించి, చెడిన జెల్లీని వేరుగా వేడిచేసి, రెండూ కలిపి మళ్ళీ పోయండి. అడుగున కరగని పొడి దిగి ఉంటే మాత్రం మొత్తాన్నీ ఒకసారి తెర్లించక తప్పదు. రాయిలా అయితే ముక్కలు చేసి, పావు కప్పు నీళ్ళు పోసి సన్నని సెగ మీద కరిగించండి. కాఫీ వాసన కాస్త తగ్గుతుంది, దానికి ఒక స్పూను ఇన్‌స్టంట్ పొడి దించాక కలిపితే సర్దుకుంటుంది. ఆరు గంటలైనా పేరుకోని ఆ రెండోరోజు జెల్లీని నేను బాగుచేసింది ఇలాగే, మొత్తం గిన్నెని మళ్ళీ పొయ్యి మీదకి ఎక్కించి మూడు నిమిషాలు తెర్లించాను. ముప్పావుగంటలో ఫ్రిజ్‌లో పేరుకుంది. ఆ సాయంత్రం మళ్ళీ కరెంటు పోయింది, ఈసారి ముక్కలు ముక్కలుగానే ఉన్నాయి, మా అక్క కూతురు వరండాలో కూర్చుని రెండు గిన్నెలు తిని పన్నెండింటిదాకా మేలుకునే ఉంది.